అడిగిన లెక్కే చేశాను

నేను ఒక కంప్యూటర్‌ని. బల్ల కింద పెట్టుకుని, పని ఆలస్యమైతే కాలితో తన్నే నల్లపెట్టె రకం. నా ముందు కూర్చున్న మనుషుల్లో రెండు తెగలవాళ్లే ఎక్కువ. ఒక తెగ నేను ఏది చూపించినా నమ్మేస్తుంది. ఇంకో తెగ నేను ఏది చూపించినా నమ్మదు. వీళ్లలో ఎవరు ఎక్కువ విసిగిస్తారో నాకు ఇప్పటికీ తేలలేదు. నమ్మాలో వద్దో ముందు పరీక్ష చేసి చూద్దాం అనుకున్న మనిషి మాత్రం నాకు ఒక్కతే తగిలింది. ఆవిడ పేరు ప్రసూన.

ఆవిడ దగ్గరికి రాకముందు నేను హనుమకొండలో ఒక ఫోటో స్టూడియోలో ఉండేదాన్ని. సికింద్రాబాద్ బజారులో తలా ఒక దుకాణం నుంచి తెచ్చిన ముక్కలతో నన్ను బిగించి అక్కడికి పంపారు. పెళ్లి ఆల్బమ్‌లు చెయ్యడమే అక్కడ పని. స్టూడియో ఓనరు సంపత్ పెళ్లికూతుళ్లను నా చేత తెల్లగా చేయించేవాడు, మొటిమలు తీయించేవాడు, వెనకాల లేని కొండల్ని పెట్టించేవాడు. ఆ పిల్ల పక్కనే కుర్చీలో కూర్చుని ఉండేది. అయినా వాళ్ల పెద్దమ్మలు తెర వైపే చూసి, "మా పిల్ల అచ్చం గిట్లనే ఉంటది" అనేవాళ్లు. మనుషుల మీద నాకు మొదటిసారి విసుగు పుట్టింది అప్పుడే.

సంపత్ కొత్త మిషన్ కొనుక్కున్నాక నన్ను జీడిమెట్లలో ఒక కంపెనీకి అమ్మేశాడు. వాళ్లు నాకు మెమరీ పెంచి, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఇనుప వస్తువును తయారు చెయ్యకముందే, బరువు పడితే అది ఎంత వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అది. ఆ కంపెనీ జూలాలు చేస్తుంది. ఎత్తయిన భవనాలకు రంగులు వేసేవాళ్లు నిలబడే వేలాడే తొట్టెను జూలా అంటారు. డాబా మీద బోల్టులతో బిగించిన ఇనుప చెయ్యి ఒకటి బయటికి చాచి ఉంటుంది. దాని నుంచి తాళ్లు, తాళ్లకు తొట్టె, తొట్టెలో మనుషులు. చెయ్యి ఊడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కంపెనీ యజమాని చక్రపాణిగారు గుడివాడ వైపు మనిషి. గేట్లు, గ్రిల్స్ చేసుకుంటూ పైకొచ్చాడు. చెడ్డవాడు కాదు గానీ, రంగులంటే పిచ్చి. ఒత్తిడి ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం వచ్చేలా నేను బొమ్మ గీస్తాను. మొదటి బొమ్మ చూడగానే ఆయన, "ఆ ఎరుపు కొంచెం తగ్గించమ్మా, పార్టీ బెదిరిపోతాడు" అన్నాడు. సంపత్ దుకాణం నుంచి నేను ఎంతో దూరం రాలేదని అర్థమైంది.

"ఎరుపు తగ్గాలంటే ఇనుము మారాలి సార్, రంగు కాదు" అంది ప్రసూన. ఆవిడ అప్పటికి ఇంజినీరు ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. గొంతు పెంచదు, వాదన వదలదు.

కింద షెడ్డులో పని చూసుకునే ఐలయ్యది రెండో తెగ. పైకొచ్చినప్పుడల్లా తెర వైపు ఒక చూపు విసిరేవాడు. "బొమ్మలు మంచిగనే ఉన్నయి మేడం. సీన్మ లెక్కున్నయి. ఇనుముకు గివన్ని ఎర్కయితయా?"

ఎత్తయిన అపార్టుమెంట్లు కట్టే బిల్డరు ఒకడు పెద్ద ఆర్డరు ఇచ్చాడు. మామూలుకన్నా పొడుగాటి చెయ్యి కావాలన్నాడు. ప్రసూన దాని ఆకారాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి నాకిచ్చింది. ఒక్కో ముక్కకూ లెక్కగట్టి కలపడం నా పద్ధతి. లెక్క వచ్చింది. ఒత్తిడి ఇనుము ఓర్చుకునే హద్దులోపలే ఉంది, బొమ్మ దాదాపు అంతా నీలమే. చక్రపాణిగారు వెనకాల నిలబడి, "బ్రహ్మాండం. పంపించెయ్యి" అన్నాడు.

"ఇంకా లేదు సార్. ఇది నిజమో కాదో చూడాలి."

"లెక్క చేసింది నువ్వేగదమ్మా. మళ్లీ నిజమో కాదో ఏంటి?"

ఆవిడ ముక్కల్ని ఇంకా సన్నగా కోసి మళ్లీ చేయించింది. చెయ్యి తన అడుగున ఉండే ఇనుప పలకకు, అంటే బేస్ ప్లేటుకు, అతుక్కునే మూల దగ్గర ఒత్తిడి పెరిగింది. ఇంకా సన్నగా కోసింది, ఇంకా పెరిగింది. చక్రపాణిగారు తల పట్టుకున్నాడు. "అడిగినప్పుడల్లా ఒక మాట చెప్పేదాన్ని ఏం నమ్మమంటావు?"

నాకు మాటే వస్తే అప్పుడే చెప్పేదాన్ని. ఆ మూలను కత్తి అంచులా గీసి ఇచ్చింది మీరు. అలాంటి మూలలో ఎంత సన్నగా కోస్తే ఒత్తిడి అంత పెరుగుతూనే పోతుంది. లోకంలో ఏ వెల్డింగు అంత పదునుగా ఉండదు. ప్రసూన కాసేపు గోళ్లు కొరుక్కుని, కిందికి వెళ్లి అసలు వెల్డింగు వంపును కొలుచుకొచ్చింది. దాన్ని ఉన్నట్టుగా గీసి ఇచ్చింది. ఈసారి ముక్కలు ఎంత సన్నగా కోసినా అంకె కదల్లేదు. కాగితం మీద చేత్తో వేసిన మోటు లెక్క కూడా దాని దగ్గరికే వచ్చింది. అయినా ఆవిడ కుదుటపడలేదు. ఒకటి తయారు చేసి, బరువు పెట్టి చూద్దామంది.

"టెస్టే చేసేటట్టయితే కంప్యూటర్ ఎందుకు కొన్నానమ్మా నేను?" అన్నాడు చక్రపాణిగారు. అడిగాడే గానీ ఒప్పుకున్నాడు.

నా బల్ల పక్క కిటికీలోంచి షెడ్డు వెనక పెరడు కనిపిస్తుంది. అక్కడ కాంక్రీటు దిమ్మెకు చేతిని బిగించారు. కొనకు వంపు కొలిచే డయల్ గేజ్ పెట్టి ఇసుక బస్తాలు వేలాడదీశారు. తొమ్మిది మిల్లీమీటర్లు వంగుతుందని నేను చెప్పాను. దాదాపు పద్దెనిమిది వంగింది.

పైకొచ్చిన ఐలయ్య మొహంలో నవ్వు ఆగడం లేదు. "నేను చెప్పలే? చెయ్యి మందం పెంచితె అయిపోతది. గీ డబ్బను పక్కకు పెట్టుండ్రి." నిన్నటిదాకా నా బొమ్మను నెత్తిన పెట్టుకున్న చక్రపాణిగారు కూడా అమ్మినవాణ్ణి, సాఫ్ట్‌వేర్‌ని, నన్ను కలిపి తిట్టాడు.

నా లెక్కలో తప్పు లేదు. చెయ్యి అడుగు కొండలో పాతినట్టు కదలకుండా ఉంటుందని నాకు చెప్పారు. నేను ఆ లెక్కే చేశాను. ఎవరూ అడగనిదాన్ని నేనెలా చెప్పను?

ప్రసూన ఏడవలేదు, నన్ను తన్నలేదు. రెండో గేజ్‌ను బేస్ ప్లేటు పక్కన పెట్టించి మళ్లీ బస్తాలు వేయించింది. వెనకవైపున ప్లేటు రూపాయి బిళ్ల దూరేంత పైకి లేస్తోంది. ఆవిడ గబగబా వచ్చి నా ముందు కూర్చుంది. ప్లేటును, నాలుగు బోల్టులను, కింది కాంక్రీటును ఉన్నవి ఉన్నట్టు గీసింది. ఈసారి వంపు పదిహేడు దాటింది. దాంతోపాటు ఇంకో సంగతి బయటపడింది. వెనక బోల్టులు రెండూ తెగే హద్దుకు ఆనుకుని ఉన్నాయి.

ఆవిడ లెక్కను ఇంకోసారి సరిచూసుకుంది. తర్వాత ఇద్దరినీ పిలిచింది. "చెయ్యి మందం పెంచితే ఏమీ రాదు ఐలయ్యగారూ, పోయేది బోల్టులు. సార్, ఆ నీలం బొమ్మ పంపించి ఉంటే..." అని ఆగిపోయింది. చక్రపాణిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఐలయ్య తెర దగ్గరికి వంగి మొదటిసారి నిదానంగా చూశాడు. "గట్లయితె ప్లేటుకు రెక్కలు వెల్డింగ్ చేద్దాం. బోల్టులు దూరం జరుపుదాం" అన్నాడు.

కొత్త చెయ్యి తయారైంది. ఈసారి బరువు పెట్టకముందే ప్రసూన బోర్డు మీద సుద్దతో రాసింది: ఎంత వంగుతుంది, ప్లేటు ఎంత లేస్తుంది, ఎంతవరకు తేడా వస్తే ఒప్పుకోవాలి. "ముందే ఎందుకమ్మా, తప్పయితే పరువు పోతుంది గదా" అన్నాడు చక్రపాణిగారు. "తర్వాత రాస్తే ఎవరైనా సరిగ్గానే రాస్తారు సార్" అందావిడ.

ఆ రోజు రంగుల పని మేస్త్రీ అప్పలనాయుడు కూడా వచ్చాడు. పాలకొండ దగ్గరివాడు. ఆ జూలాలో నిలబడేది అతనూ, అతని మనుషులూ. మామూలు బరువుకు రెట్టింపు వేలాడదీశారు. వంపూ, ప్లేటు లేవడమూ రెండూ బోర్డు మీద రాసిన హద్దుల్లోనే వచ్చాయి. ఐలయ్య గేజ్‌ను రెండుసార్లు చూసి తలూపాడు. చక్రపాణిగారికి ఉత్సాహం ఆగలేదు. "ప్రసూనా, నువ్వొకసారి జూలా ఎక్కు. ఫోటో తీసి బిల్డరుకు పంపుదాం. నమ్మకం కుదురుతుంది."

"నేనెక్కితే ఏం తెలుస్తుంది సార్? ఆ బస్తాల్లో నాలాంటివాళ్లు ఎంతమందో ఉన్నారు."

అప్పలనాయుడు నవ్వాడు. "మరైతే ఏటంటావమ్మా? నీ కంప్యూటర్ చెప్పింది నమ్మీమంటావా?"

"ఇంతవరకు నమ్మొచ్చు బాబాయ్. బరువు సంగతి పరీక్ష చేశాం. ఈదురుగాలిలో జూలా ఊగితే ఏమవుతుందో పరీక్ష చెయ్యలేదు. అది నాకు తెలీదు. ఈ చిన్న పంకా గాలి వేగం చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత దాటితే దిగిపోవాలి. ఎవరేమన్నా సరే."

అతను ఆవిడ చేతిలోని పంకాను అందుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇన్నేళ్ల నుంచి జూలాలెక్కుతన్నాను. ఏటీ కాదు ఎక్కీమన్నోళ్లే అందరూ. తెలీదు అన్నోళ్లు మాత్రం ఒక్కలూ నేరు" అన్నాడు. పంకాను సంచీలో పెట్టుకుని వెళ్లాడు.

జూలాలు వెళ్లిపోయాయి. వానలు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం బిల్డరు ఫోన్ చేశాడు. చక్రపాణిగారు ఫోన్‌ను నా పక్కనే బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాడు. ఎండ కాస్తుంటే మేస్త్రీ మనుషుల్ని దించేసి కూర్చున్నాడనీ, పని ఆగిపోయిందనీ, గాలి పెరిగితే దిగిపొమ్మని ఎవరో అమ్మాయి చెప్పిందంటున్నాడనీ బిల్డరు కేకలేస్తున్నాడు. పది నిమిషాల తర్వాత అప్పలనాయుడే చేశాడు. వెనకాల తాళ్లు గోడకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"ముల్లు గీత దాటిందమ్మా. అందరం కిందే ఉన్నాం. టీ తాగుతన్నాం."

"మంచిది బాబాయ్. తగ్గేదాకా ఎక్కకండి."

చక్రపాణిగారు ఫోన్ వైపు, ఆవిడ వైపు చూశాడు. "బిల్డరుకు ఏం చెప్పను?"

"గాలి లెక్క ఇంకా చెయ్యలేదని చెప్పండి" అంది ప్రసూన. కుర్చీ ముందుకు జరుపుకుని నా మీద ఆ లెక్క మొదలుపెట్టింది. నాకు బాగా వేడెక్కే పని అది. అయినా ఆ రోజు నేను విసుక్కోలేదు.