ప్రార్థనక్క నోరు మూతపడిన రోజులు

ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో ఆమెను అందరూ ప్రార్థనక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి కూతురికి పరీక్షలున్నా, దుప్పట్లు మడతపెడుతున్న ఆమె దగ్గరికొచ్చి "అక్కా, కాస్త ప్రార్థన చెయ్యవూ" అని అడగడం అక్కడ మామూలు. ఆమె చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని, కళ్లు మూసుకుని, నాలుగు మాటల్లో దేవుడికి విన్నవించేది. కొందరికి నయమయ్యేది. కానివాళ్లకు మనసైనా తేలికపడేది.

అలాంటి మనిషికి సొంత తమ్ముడు జబ్బుపడ్డాడు. అమ్మ పోయాక తన చేతులమీద పెరిగినవాడు. ఇరవై ఒక్క రోజులు ఉపవాసముంది. సంఘమంతా మోకాళ్ల మీద పడింది. పాస్టరుగారు నూనె రాసి ప్రార్థించారు. ఇరవై రెండో రోజు ఉదయం, అదే ఆసుపత్రి పై అంతస్తులో, ఆమె చెయ్యి పట్టుకునే తమ్ముడు కన్నుమూశాడు.

"దేవుడి చిత్తం, అక్కా" అన్నారు వచ్చినవాళ్లంతా. తలూపింది. పదిరోజులు తిరక్కుండానే పనిలోకొచ్చింది. ఆదివారం ఆరాధనకూ వెళ్లింది. కానీ కళ్లు మూసుకుంటే లోపల మాట పుట్టేది కాదు. "ప్రభువా" అనేదాకా వచ్చి కళ్లు తెరిచేసేది. దేవుడు లేడనుకుందామా అంటే మనసొప్పదు. ఉన్నాడనుకుంటే కడుపు మండుతుంది. ఎవరికి చెప్పుకుంటుంది? చుట్టూ ఉన్నవాళ్లంతా తనకు చెప్పుకునేవాళ్లే. అందుకే ఎవరడిగినా "అలాగే, చేస్తాలే" అనేసి దుప్పట్లలో తలదూర్చేది. అలా మూడు నెలలు నెట్టుకొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బాబాయి వచ్చాడు. పాతికేళ్లుగా ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే మనిషి. నోరు తెరిస్తే వేళాకోళం. ఆదివారం చివరి బెంచీలో కూర్చుని, ప్రసంగం మొదలవగానే కునుకు తీసే బాపతు. ఆరోజు మాత్రం మొహం పీక్కుపోయి ఉంది.

"రేపు మీ పిన్నికి తుంటి ఆపరేషనమ్మా. రోజూ చేస్తూనే ఉన్నావనుకో, రేపు మాత్రం కాస్త గట్టిగా చెయ్యి."

"చేస్తాలే" అనబోయింది. ఆ అబద్ధం ఇక నోట రాలేదు. దుప్పటి బల్ల మీద పడేసి, "బాబాయ్, నేను చెయ్యట్లేదు" అంది.

"ఏంటి చెయ్యట్లేదు?"

"ప్రార్థన. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి ఒక్కటంటే ఒక్కటి చెయ్యలేదు. రావట్లేదు. మీ అందరికీ అబద్ధం చెప్పాను."

బాబాయి నోరు వెళ్లబెట్టాడు. "అంటే మూడు నెలల్నుంచి మీ పిన్ని ప్రార్థన లేకుండానే కుంటుతోందా? భారం నీమీద వేసి నేను హాయిగా నిద్రపోతున్నానే!"

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇక తిట్లు తప్పవనుకుంది. అతను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పు మాదేలే. నీకోసం ఎవరు చేస్తున్నారని ఒక్కడైనా అడిగాడా? సరే, రాకపోతే నువ్వు చెయ్యకు. నేను చేస్తా. నాకూ సరిగ్గా రాదు, నవ్వకు."

తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "ప్రభువా, నేను... ఆ చివరి బెంచీ వాణ్ణి. మా ఆవిడ సంగతి నీకు తెలుసు, మాత్ర మింగమంటే పోట్లాడుతుంది, డాక్టర్లకు ఓపికియ్యి. ఇక ఈ పిల్ల. ఇంతకాలం మా అందరి తరఫునా నీ దగ్గరికి తిరిగింది. ఇప్పుడు దానికి కాళ్లు రావట్లేదు. నువ్వే దిగి రా. ఆ కుర్రాణ్ణి ఎందుకు తీసుకెళ్లావో మాకు తెలీదు. మాకు నచ్చలేదు కూడా. అయినా నిన్ను కాక ఇంకెవర్నడుగుతాం?" అని, గుడ్డ మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

దేవుడితో అలా మాట్లాడొచ్చని ఆమెకు ఎన్నడూ తట్టలేదు. తనకు తెలిసినవన్నీ మర్యాద మాటలే. అవి అయిపోయేసరికి ఇక మాటలే లేవనుకుంది. బల్లకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. యంత్రం మీద దిండు గలీబు మాడిన వాసన వచ్చేదాకా బాబాయి పక్కనుంచి కదల్లేదు.

సాయంత్రం ఇంటికెళ్లి, తలుపేసుకుని, "నువ్వు చేసింది నాకు నచ్చలేదు ప్రభువా" అంది పైకే. ఇంకేమీ రాలేదు. మర్నాడూ అదే. కొన్ని వారాలపాటు ఆమె ప్రార్థనంతా ఆ ఒక్క మాటే. తర్వాత ఎప్పుడో దానికి "నన్ను వదలకు" అన్నది తోడైంది.

పిన్ని ఆపరేషన్ గట్టెక్కింది. చేతికర్ర మాత్రం తప్పలేదు. దాంతో బాబాయిని అదిలిస్తోందట. తమ్ముడు ఎందుకు పోయాడన్నదానికి ప్రార్థనక్కకు ఈనాటికీ జవాబు దొరకలేదు. ఆ మాట ఎవరి దగ్గరా దాచదు. ఎవరైనా ప్రార్థన చెయ్యమంటే, "చేస్తాను, నాకోసం నువ్వూ చెయ్యి" అంటుంది. అని ఊరుకోదు, మర్నాడు ఎదురుపడితే దుప్పటి పక్కన పెట్టి మరీ ఆరా తీస్తుంది, చేశావా లేదా అని.