ఏడింటి అంకె

“ఇవాళొక్క రోజు నువ్వు కనపడకపోతే వాగు అలిగి వెనక్కి పారుతుందా ఏంటి, శాస్త్రవేత్త గారూ?” అన్నాడు భర్త, చెంపల నిండా సబ్బు నురగతో వంటింట్లోకి తొంగిచూసి.

ఉల్లిపాయలు తరుగుతున్న ఆమెకి నవ్వొచ్చింది. పెళ్ళయి నాలుగు నెలలు కూడా నిండలేదు. అతనేమన్నా ముందు నవ్వు వచ్చేస్తుంది, మాటకి అర్థం ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది. ఈసారి అర్థంతో పాటు చిన్న భయం కూడా వచ్చింది. గోడ గడియారంలో ఏడుకి ఇంకా పది నిమిషాలుంది. బయట తెల్లారినప్పటి నుంచీ వాన, ఎవరో పైనుంచి బక్కెట్లతో గుమ్మరిస్తున్నట్టు.

“అరగంటలో వచ్చేస్తానండీ. గొడుగుందిగా.”

“తొమ్మిదింటికి మా ఆఫీసు పెద్దాయనా, వాళ్ళావిడా వస్తున్నారు. అమ్మకి మోకాలు పట్టేసింది. నువ్వు బురద కాళ్ళతో తిరిగొచ్చి ఇదంతా ఎప్పుడు చేస్తావు?” అంటూ ఆమె ముక్కు చివర కాస్త నురగ అంటించి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ నురగ వెంటనే తుడుచుకోవాలనిపించలేదు ఆమెకి. ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలిన రెండు బ్రష్షుల్ని చూసి మురిసిపోయే మనిషి. కిటికీ అద్దం మీద ఆవిరి పడితే వేలితో చేప బొమ్మ గీసి, అది కరిగి తోక ఊడిపోయేదాకా నిలబడి చూసే మనిషి. ఇంత సంతోషం తన ఒక్కదానికే ఎలా దొరికిందా అని ఆశ్చర్యపడుతూ ఉంటుంది. అందుకే కాబోలు, ఆ సంతోషం మీద చిన్న గీత పడుతుందన్నా ఆమెకి ప్రాణం మీదకి వచ్చినట్టుంటుంది.

కాపురానికొచ్చిన మూడో వారంలో వచ్చింది టైలరక్క. మెడలో టేపు అలాగే వేలాడుతుండగా గుమ్మంలో నిలబడి, “నువ్వు సైన్సు చదివావటగా? మా వాగు సంఘానికి చదువుకున్న కళ్ళు రెండు కావాలి” అంది. కొండ మీద చెట్లు కొట్టేసిన దగ్గర్నుంచి వాన పడితే చాలు, మన్నంతా వాగులోకి దిగుతోంది. ఆ వాగు నీళ్ళే కింద పంపుహౌసులోకెళ్ళి, అక్కణ్ణుంచి ట్యాంకుకెక్కి, దిగువ వీధిలో నూట ఇరవై ఇళ్ళకి వెళ్తాయి. ఇలాంటి చిన్న చిన్న సంఘాలకి చిన్న చిన్న గ్రాంటులిచ్చే ట్రస్టు ఒకటుంది. టైలరక్క ముగ్గురు ఆడవాళ్ళని వెంటేసుకుని, మూడుసార్లు దరఖాస్తు పెట్టి, నాలుగోసారి సాధించింది. దాంతో గడ్డపలుగులు వచ్చాయి, గట్టున నాటడానికి గడ్డి దుబ్బులు వచ్చాయి, వాలుకి అడ్డంగా పేర్చడానికి రాళ్ళు వచ్చాయి. ఒక పొడుగాటి గొట్టం కూడా వచ్చింది.

ఆ గొట్టాన్ని చూడగానే ఆమె మనసు పారేసుకుంది. గాజులా మెరుస్తూ మీటరు పొడుగుంటుంది. అడుగున నలుపూ తెలుపూ రంగుల బిళ్ళ. వాగు నీళ్ళు నిండా పోసి, పైనుంచి ఒంటి కన్నుతో చూస్తూ, కింది కుళాయి తిప్పి కొంచెం కొంచెం వదలాలి. బిళ్ళ కనపడగానే కుళాయి కట్టేసి, నీళ్ళు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున్నాయో చదవాలి. నీళ్ళు తేటగా ఉంటే అంకె పెద్దది, మన్ను కలిస్తే చిన్నది. రోజూ పొద్దున ఏడింటికి ఆమె ఆ అంకె చూసి, రిజిస్టర్లో రాసి, పంపుహౌసు చూసుకునే పంపు బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాలి. ముప్పై దాటితే ఆయన తూము తలుపెత్తి పంపు వేస్తాడు. దాటకపోతే వెయ్యడు, ఆ పూట వీధికి నిల్వ నీళ్ళే. అంతే పని. ఆ బిళ్ళ మసకలోంచి పైకి తేలి కనపడే క్షణం ఎంత బావుంటుందో ఆమె భర్తకి పదిసార్లు చెప్పింది. “శాస్త్రవేత్త గారు” అన్న పేరు అలా వచ్చిందే.

రిజిస్టర్లో చివరి గడి కారణానిది. “కొలవలేని రోజు అంకె రాయకు, ఎందుకు కొలవలేదో రాయి చాలు” అని టైలరక్క మొదటి రోజే చెప్పింది. “ట్రస్టు వాళ్ళకి ఖాళీలుంటే పేచీ లేదు. రాసింది నిజమవ్వాలి, అంతే.”

మొదటిసారి మానేసిన రోజు, భర్త దుప్పట్లోంచి చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమెకీ లేవాలనిపించలేదు. ఆ గడిలో అదెలా రాస్తుంది? సిగ్గేసి, నిన్నటి యాభై రెండునే ఇవాళా రాసేసింది. బాబాయ్‌కీ అదే చెప్పింది. రెండోసారి ఆడపడుచు పిల్లల్ని తీసుకుని దిగింది. మూడోసారి అతని చొక్కాలు ఇస్త్రీ కాలేదు. నాలుగోసారికి అత్తగారు, “వెళ్ళొద్దని నేననను తల్లీ. చదువుకున్న పిల్లవి, చెబితే అర్థం చేసుకుంటావు” అంది. అర్థం చేసుకునే పిల్ల అన్న పేరు వచ్చాక, ఏ పని ఎవరి నెత్తిన పడుతుందో ఆ ఇంట్లో ఇంకెవరూ ఆలోచించనక్కర్లేకపోయింది. భర్త ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఎదురు చెప్పేదేమో. నవ్వుతూ గుమ్మానికి అడ్డం నిలబడే మనిషిని ఎలా దాటాలో ఆమెకి ఏ కాలేజీలోనూ చెప్పలేదు. అలా ఎనిమిది రోజులు. ఎనిమిదిసార్లూ వాన లేదు, నీళ్ళు తేటగానే ఉండి ఉంటాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇవాళ వాన పడుతోంది.

ఏడుంపావుకి ఫోన్ మోగింది. పంపు బాబాయే.

“తల్లీ, అంకెంత? ట్యాంకు అడుగంటింది, వీధి వీధంతా బిందెలేసుకుని కూచున్నారు.”

వెళ్ళలేదు బాబాయ్ అందామని నోరు తెరిచింది. ఏమైందంటాడు. ఇంట్లో వద్దన్నారంటే సాయంత్రానికి వీధంతా పాకుతుంది. చిలకా గోరింకల్లా ఉన్నారని పొద్దస్తమానం అంటారే, ఆ నోళ్ళే జాలిపడతాయి. గరిటె చేతిలో ఉండగానే ఆమె నోటి వెంట, “నలభై ఆరు బాబాయ్” అని వచ్చేసింది.

అవతల వాన చప్పుడు మధ్య బాబాయ్ గొంతు పెంచాడు.

“ఇంత వానలోనా? పైన మీరు పేర్చిన రాళ్ళు బాగానే పనిచేస్తున్నట్టున్నాయే! నువ్వు చెప్పావంటే ఇంక చూసేదేముంది, ఎత్తేస్తున్నా.”

ఫోన్ పెట్టేశాక ఆమె రిజిస్టర్లో కూడా నలభై ఆరు వేసి, పొయ్యి మంట తగ్గించింది. మళ్ళీ పెంచింది. మళ్ళీ తగ్గించింది. కిటికీలోంచి చూస్తే వీధి కాలువ పారుతోంది, పాలు ఎక్కువైన టీ రంగులో. కాలువ వేరు, వాగు వేరు, అని తనకి తాను చెప్పుకుంది. పైన రాళ్ళున్నాయి, గడ్డి ఉంది. కానీ కొండ పైభాగంలో వాన కోసేసిన గండిలో రాళ్ళు ఇంకా పేర్చలేదు. గ్రాంటులో రెండో సగం వస్తేగాని పేర్చలేరు. ట్రస్టు మనిషి గురువారం వచ్చి రిజిస్టర్ చూశాకే ఆ సగం. ఆ గండిలోంచి మన్ను ఎలా దిగుతుందో ఆమె కళ్ళారా చూసింది.

దిగువ వీధిలో టైలరక్క కూతురుంది. పురుడొచ్చి పన్నెండు రోజులు. పాలు చాలక సీసా పడుతున్నారని నిన్ననే అక్క చెప్పింది. ఆ సీసా కడిగేది, అందులో పొడి కలిపేది కుళాయి నీళ్ళతోనే. కాస్తేగా మన్ను. కాస్తేనా? కొండ మీద ఏమేం కుళ్ళి ఉందో, ఏ చచ్చిన జంతువు మీంచి ఈ వాన పారిందో. కాలేజీలో మైక్రోస్కోపు కింద మురుగు నీటి చుక్కలో కదిలినవి గుర్తొచ్చాయి. అప్పుడు కేరింతలు కొట్టింది. ఇప్పుడు అవి తన అరచేతుల్లో పాకుతున్నట్టుంది.

“అమ్మాయ్, ఉల్లిపాయ మాడుతోంది” అంది అత్తగారు హాల్లోంచి.

తొమ్మిదికి పెద్దాయన వచ్చాడు, భార్యతో, తడిసిన బూట్లతో. ఆమె కుర్చీలు తుడిచింది, తువ్వాలు ఇచ్చింది, ప్లేట్లు పెట్టింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. చెవులు మాత్రం పంపు మోత కోసం వెతుకుతున్నాయి, ఇంత దూరం వినపడదని తెలిసీ. రెండు గంటలు కావస్తోంది. ఈపాటికి ట్యాంకు సగం నిండి ఉంటుంది. కుళాయిలు తిప్పి ఉంటారు.

“మీ ఆవిడ వాగుని కాపలా కాస్తుందటగా?” అన్నాడు పెద్దాయన. “జీతమెంతోయ్?”

“జీతమా సార్! గొడుగు కూడా మనదే” అన్నాడు భర్త. అందరూ నవ్వారు. అత్తగారు కూడా. అలవాటు కొద్దీ ఆమె పెదవులూ సాగాయి.

పెద్దాయన భార్య నవ్వలేదు. “మరి ఇవాళ వెళ్ళలేదా, ఇంత వానపడుతుంటే?” అని అడిగింది, మామూలుగానే.

ఆమె చేతిలో నీళ్ళ జగ్గుంది. గ్లాసు నిండిపోయి, నీళ్ళు టేబుల్ మీద కాస్త ఒలికాయి. భర్త కళ్ళతోనే, తుడు అన్నాడు. ఆమె జగ్గు కింద పెట్టింది. గుడ్డ కోసం వెళ్ళాలి. వెళ్ళలేదు. ఇప్పుడు చెబితే ఏమవుతుందో అంతా ఒక్కసారిగా కనపడింది. అతని మొహం. మాట్లాడకుండా గడిచే వారం. ముఖం చాటేసే టైలరక్క. చేజారిన గ్రాంటు. పేర్చని రాళ్ళు. చెప్పకపోతే ఏమవుతుందో అది కనపడలేదు. పన్నెండు రోజుల పసివాడు గుక్కపట్టిన ఏడుపు మాత్రం వినపడింది, ఆ గదిలోనే ఉన్నట్టు.

ఫోన్ సోఫా పక్కన ఉంది. అందరి మధ్యలోంచే వెళ్ళి తీసింది.

“బాబాయ్, పంపు ఆపెయ్యండి. ట్యాంకు వాల్వు కూడా కట్టెయ్యండి. నేనివాళ వాగు దగ్గరికి వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని చెప్పాను ఆ అంకె.”

గొడుగు మర్చిపోయింది. వెనక నుంచి భర్త ఏదో అన్నాడు, వానలో కలిసిపోయింది. పరిగెత్తి, జారిపడి, మళ్ళీ లేచి వాగు చేరింది. నీళ్ళు ఎర్రగా, కొమ్మల్ని లాక్కుంటూ ఒడ్డు పైదాకా వచ్చి ఉన్నాయి. నీళ్ళలోకి దిగే మెట్లలో కింది నుంచి మొదటిది మునిగిపోయింది. గట్టు మీది పెట్టెలోంచి గొట్టం తీసుకుని, రెండో మెట్టు మీద మోకాళ్ళేసి, ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని దాన్ని ముంచింది. మోకాళ్ళ కింద మెట్టు కదిలినట్టయింది. వెనక్కి పాక్కుంటూ వచ్చి కుళాయి తిప్పింది. బిళ్ళ కనపడలేదు. ఇంకా వదిలింది. కనపడలేదు. నీళ్ళు గొట్టం అడుగుకి చేరాక, ఎక్కడో లోతుల్లోంచి చూస్తున్నట్టు మసగ్గా కనపడింది.

తొమ్మిది.

అక్కణ్ణుంచి ట్యాంకు దగ్గరికి పరిగెత్తింది. పంపు బాబాయ్ ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్ళన్నీ వదిలేస్తూ, “తాగొద్దని ఇంటింటికీ చెప్పాలి, పద” అన్నాడు అంతే. ఆయన ఒక వరస, ఆమె ఒక వరస. తలుపు కొట్టిన ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట చెప్పింది: పొద్దున పట్టిన నీళ్ళు పారబోయండి, అంకె నేను తప్పు చెప్పాను. ఒకావిడ బిందె ఆమె కాళ్ళ మీదే పారబోసింది. టైలరక్క కూతురి ఇంట్లో సీసా స్టవ్ పక్కన బోర్లించి ఉంది.

“పట్టావా?” అని అడిగింది, సీసా చేతిలోకి తీసుకుని.

“పొద్దున ఒకసారి పట్టాను. నీళ్ళు మరిగించే కలిపాన్లే. రంగు చూసి రెండుసార్లు వడగట్టాను కూడా. ఏం, ఏమైంది?”

టైలరక్క గోడకానుకుని అంతా వింది. “ఎన్నాళ్ళు?” అని మాత్రం అడిగింది.

“ఇవాళ్టితో తొమ్మిది రోజులు.”

“ఏ రోజులో గుర్తున్నాయా?”

“అన్నీ గుర్తున్నాయక్కా.”

“అయితే ఆ అంకెలన్నీ కొట్టేసి, కారణాలు రాసి తీసుకురా. గురువారం ఆయన వచ్చినప్పుడు నేనే చూపిస్తాను. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు.” లోపల మనవడు ఏడ్చాడు. అక్క అటు వెళ్తూ ఆగింది. “నాకు ముందే చెప్పాల్సింది. పొద్దున నేను వెళ్ళి చూసొచ్చేదాన్నే కదే.”

అంత చిన్న దారి ఉందని ఆమెకి తోచనే లేదు. తోచకుండా అడ్డం పడిందేమిటో తెలుసు. తన సంతోషం చెక్కు చెదరలేదని లోకానికి చూపించుకోవాలన్న తాపత్రయం.

ఇంటికొచ్చేసరికి ప్లేట్లన్నీ టేబుల్ మీదే ఉన్నాయి, ఎండిపోయి. అత్తగారు గది తలుపు దగ్గరగా వేసుకుంది. ఆమె తడి బట్టలు మార్చుకుని, ప్లేట్లు ఒక పక్కకి జరిపి, రిజిస్టర్ తెరిచింది. మొదటి రోజు పక్కన, నాకే లేవాలనిపించలేదు అని రాసింది. రెండోది బంధువుల వంట. మూడోది భర్త చొక్కాలు. రాస్తుంటే కారణాలు ఎంత చిన్నవిగా ఉన్నాయో అనిపించింది. ఆ పనుల్లో ఒక్కటి కూడా ఆ ఇంట్లో వేరేవాళ్ళు చెయ్యలేనిది కాదు.

ఎప్పుడొచ్చాడో, భర్త భుజం వెనక నిలబడి చదువుతున్నాడు.

“ఇది బయటివాళ్ళు చదువుతారా?”

“చదువుతారండీ.”

“నన్ను రాక్షసుణ్ణి చేసి పెట్టావు.” గొంతు మెల్లగానే ఉంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని ఆమె తడి జుట్టు చెవి వెనక్కి తోశాడు. ఆ స్పర్శకి ఇప్పటికీ లోపల ఏదో కరుగుతుంది, అదే ఆమె భయం. “చూడు, జరిగిందేదో జరిగింది. పెద్దాయన ముందు నా పరువు పోయినా నేనేమన్నా అన్నానా? జ్వరం అని రాసెయ్. అన్ని చోట్లా జ్వరం. ఒక్క మాట. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.”

పెన్ను ఆమె వేళ్ళ మధ్య సర్ది పెట్టాడు, చిన్నపిల్లకి అక్షరాలు దిద్దిస్తున్నట్టు.

ఆమెకి నవ్వు రాలేదు. ఈసారి మాటకి అర్థమే ముందొచ్చింది.

“పొద్దున నలభై ఆరు కూడా ఒక్క మాటేనండీ.”

అతని చెయ్యి ఆమె చేతి మీంచి జారింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. రేపు ఈ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడతారో, గురువారం ఏమవుతుందో, ఏదీ తెలియదు. ఇవాళ్టి తేదీ ఎదురుగా నలభై ఆరు కొట్టేసి తొమ్మిది వేసింది. కారణం గడిలో రాసింది: భర్త వెళ్ళొద్దన్నారు. నేను భయపడి అబద్ధం చెప్పాను.

అక్షరాలు వణికాయి. అయినా ఎవరు చదివినా తెలిసేలాగే ఉన్నాయి.