ఎనిమిది అడుగుల మూడు అంగుళాలు

పొద్దున ఐదున్నరకు లేవడం, లేవగానే ఇంట్లో తలుపులన్నీ తెరిచే ఉన్నాయా అని చూసుకోవడం, ఆ తర్వాతే మొహం కడుక్కోవడం. మూడేళ్ళుగా ఆ ఇంటి కూతురికి తెల్లవారేది ఇలాగే. గాలికి ఏ తలుపు పడుతుందో అని ఒక్కోదాని కింద ఒక్కో ఇటుక పెట్టింది. ఆ ఇటుకలు తగిలి ఆమె మొగుడి బొటనవేలి గోరు రెండుసార్లు ఊడింది. ఆయన బస్సు డ్రైవరు.

"ఊరంతా బండి తిప్పుతాను, ఒక్క గీత పడదు. ఇంట్లో అడుగుపెడితే యాక్సిడెంటే," అని కాలు పట్టుకుని గెంతేవాడు.

అందరిళ్ళూ పెచ్చులూడతాయి, చెమ్మెక్కుతాయి. వాళ్ళ ఇల్లు తగ్గేది. ఎవరైనా ఒక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే ఆ గది ఓ అంగుళం లోపలికి వచ్చేది. తలుపు తీసినా మళ్ళీ వెనక్కి పోయేది కాదు. కూతురి తల్లికి డెబ్బై దాటి, మరుపు మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. గడియ చప్పుడు వినబడితే చాలు, పెద్దావిడ రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని బిగుసుకుపోయేది. గోడలూ ఆవిడతోపాటే బిగుసుకునేవి.

సంగతి అర్థమయ్యేసరికే బాత్‌రూం సగమైపోయింది. డ్రైవరుగారు అందులో పక్కకు తిరిగి నిలబడి, ఒక చేత్తోనే స్నానం కానిచ్చేవాడు. తర్వాత తలుపులు మానేసి అన్నిటికీ కర్టెన్లు కట్టారు. పక్కింటావిడకు మాత్రం ఇది కలిసొచ్చింది. వీళ్ళ గోడ వెనక్కి జరిగిన మేర రెండిళ్ళ మధ్యా సందు ఏర్పడితే, అందులో వరసగా పూలకుండీలు పెట్టుకుంది. "మీ మధ్యగది ఈ నెల తగ్గలేదేం అక్కా? ఇంకో కుండీ కొందామనుకుంటున్నా," అని గోడ మీదుగా అడిగేది. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగేది.

హాలు మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. పెద్దావిడ మంచం అందులోనే. ఎందుకు తగ్గలేదని ఎవరూ ఆలోచించలేదు. ఒక్క గదైనా మిగిలింది, అదే పదివేలు అనుకున్నారు.

పెద్దావిడ వయసులో ఉన్నప్పుడు రగ్గుల మిల్లులో పనిచేసింది. ఆ మిల్లు తగలబడింది. మనుషులు పోయారు, ఈవిడ బతికింది. ఇంట్లో తెలిసింది ఇంతే. ఆవిడ రెండు అరచేతులూ కాలి, చర్మం గీతల్లేకుండా నున్నగా ఉండేది. ఒంటి మీద ఇంకెక్కడా చిన్న మచ్చ కూడా లేదు. లోపల చిక్కుకుని ఉంటుంది, అందుకే మూసిన తలుపంటే భయం అని కూతురు తేల్చుకుంది. అందుకని వీధి తలుపు కూడా బార్లా తెరిచే ఉంచేది.

తెరిచిన ఇంటికి మనిషి కాపలా ఉండాలి. ఆ మనిషి కూతురే. కళ్ళజోళ్ళ షాపులో పదహారేళ్ళు అద్దాలు అరగదీసిన చెయ్యి ఆమెది. ఫ్రేములో అద్దం బిగించాక అటూ ఇటూ తిప్పి చూసి "ఊఁ" అనేది. ఆ "ఊఁ" వినబడితే షాపు ఓనరు ఇక ఆ కళ్ళజోడు ముట్టుకునేవాడు కాదు. ఇప్పుడు హాల్లో గుమ్మానికెదురుగా కూర్చుని, ఇంటికి పంపిన విరిగిన ఫ్రేములకు మరలు బిగిస్తోంది. మూడేళ్ళలో వీధి చివరి మందుల షాపు దాటి వెళ్ళలేదు. తలుపులన్నీ తెరిచి ఉన్న ఇంట్లో ఆమె ఒక్కతే ఖైదీ. ఏడవాలన్నా తలుపేసుకునే వీల్లేదు.

"నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంచానమ్మా. కానీ ఇంకో మూడు నెలలు దాటితే కుదరదు," అని ఓనరు కబురు పెట్టాడు. పాపం, ఆయన మాత్రం ఎన్నాళ్ళని ఉంచుతాడు?

వారానికోసారి వచ్చే నర్సమ్మ చెప్పింది ఓ సహాయ నిధి గురించి. నర్సమ్మ లావుపాటి మనిషి, నెమ్మదైన మనిషి. ఇంట్లోకి వచ్చేముందు గుమ్మంలో నిలబడి, "లోపలికి రానా అమ్మా?" అని పెద్దావిడనే అడిగేది. ఆవిడ తలూపేదాకా అడుగుపెట్టేది కాదు.

"పాత దెబ్బలు తిన్న పెద్దవాళ్ళను చూసుకోవడానికి, వాళ్ళను చూసుకునే ఇంటివాళ్ళకు ఊపిరాడటానికి ఈ నిధి పెట్టారు. రోజుకు నాలుగు గంటలు నేను నేర్పించిన మనిషి వచ్చి ఉంటుంది," అంది నర్సమ్మ.

"నాలుగు గంటలా!" అంది కూతురు. నాలుగు గంటలంటే షాపులో సగం పూట పని.

"కానీ ఒక ఏడాదికే ఇచ్చారు. మళ్ళీ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఆఫీసు నుంచి ఒకాయన ఇళ్ళు చూడటానికి వస్తాడు. ఆయన వద్దంటే నేనూ ఇంటికే, మీ అమ్మగారు వృద్ధాశ్రమానికే. అక్కడ నలభై గదులు. రాత్రి ఎనిమిదికల్లా అన్నిటికీ గడియ పెట్టేస్తారు."

ఆ నలభై గదులూ, వాటిలో పడుకున్న ముసలివాళ్ళూ కూతురి కళ్ళ ముందు మెదిలారు. "అమ్మను ఒకసారి గట్టిగా అడగనా, ఆ రోజు ఏం జరిగిందని?"

"గుచ్చి గుచ్చి అడక్కు. ఆవిడ చెప్పినప్పుడు వినడానికి నువ్వుంటే చాలు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. మనిషిని పంపాలంటే పెద్దావిడకు వేరే గది ఉండాలట. ఆ గది ఎనిమిది అడుగుల వెడల్పుకు తగ్గకూడదట. హాల్లో మంచం చెల్లదట, తలుపున్నదే గది అని వాళ్ళ రూలు. ఇంట్లో లెక్కకొచ్చేది మధ్యగది ఒక్కటే. కట్టినప్పుడు అది పదకొండు అడుగులు. కూతురు టేపు పెట్టి కొలిచింది. ఎనిమిది అడుగుల మూడు అంగుళాలు.

ఇంకా మూడు అంగుళాలే. నెల రోజులు ఆ గదిని కంటికి రెప్పలా కాచుకుంది. మొగుణ్ణి ఆ గుమ్మం దరిదాపుల్లోకి రానివ్వలేదు. ఇటుక పక్కన రెండో ఇటుక పెట్టింది.

ఆఫీసాయన ఒక మంగళవారం పది గంటలకు వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు, జేబులో టేపు. మధ్యగది కొలిచి, "ఎనిమిది మూడు. సరిపోయింది," అని రాసుకున్నాడు. కూతురికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఫారం తిప్పి, "జబ్బు పేరేమిటి?" అన్నాడు.

"జబ్బని కాదండీ. మిల్లు తగలబడినప్పుడు…"

"ఇక్కడ షుగరు, బీపీ, గుండె, మోకాళ్ళు, చూపు ఉన్నాయి. మిల్లు లేదు." కోపంగా అనలేదు, పాపం. లేదు కాబట్టి లేదన్నాడు. ఆ గడి ఖాళీగా వదిలేసి, "ఇక మీకు కొన్ని ప్రశ్నలున్నాయి. చూసుకునేవాళ్ళను విడిగా అడగాలి, పెద్దవాళ్ళకు వినబడకూడదు," అంటూ బూటుతో రెండు ఇటుకలూ పక్కకు నెట్టి, తలుపు దగ్గరికి లాక్కున్నాడు.

"సార్, తలుపు…"

"మీ మంచికేనమ్మా. రూలు."

ఆమె లేచేలోపే తలుపు పడింది. ఎనిమిది రెండు. ఆమెకు టేపు అక్కర్లేదు, ఒంటికే తెలిసిపోయింది.

"తీసేయండి సార్, దండం పెడతాను."

"రెండు నిమిషాలు. మొదటిది. మీకు ఎప్పుడైనా విసుగు వస్తుందా?"

ఎనిమిది ఒకటి. ఆమె తలుపు నెట్టింది. అది హాలు వైపుకు తెరుచుకునే తలుపు. గుమ్మం దాన్ని నాలుగు వైపులా పట్టేసింది, కదల్లేదు. ఇంక ఎలాగూ పోయిందే అనిపించేసరికి ఆమెలో ఏదో తెగింది.

"విసుగా? ఒక్కోసారి అమ్మ చచ్చిపోతే బాగుండనిపిస్తుంది. రాసుకోండి. అనిపించాక అన్నం సయించదు. అదీ రాసుకోండి. గంట సేపు తలుపేసుకుని పడుకోవాలనుంది నాకు. అంతే."

ఆయన రాయలేదు. ఆయన కూర్చున్న కుర్చీ వీపు గోడకు ఆనింది. లేచి తలుపు నెట్టాడు, భుజంతో గుద్దాడు, చివరికి భయమేసి రెండు చేతులతో దబదబా బాదాడు. "ఎవరైనా ఉన్నారా! తీయండి!"

ఒక్కో దెబ్బకు గోడలు జానెడేసి లోపలికి వచ్చాయి.

"కొట్టకండి సార్! మీరు కొడుతుంటేనే…" అని కూతురు ఆయన చేతులు పట్టుకుంది. అప్పటికే ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి. ఫైలు వాళ్ళ మధ్య నలిగింది. నిలబడటానికి చోటుంది గానీ పడిపోవడానికి లేదు. ఆమెకు తను అడకత్తెరలో పోకచెక్క అనిపించడం కొత్త కాదు. పక్కన ఇంకో చెక్క ఉండటం మాత్రం ఇదే మొదటిసారి.

అప్పుడు హాల్లో మంచం కిర్రుమంది. ఈడుస్తున్న అడుగులు వినబడ్డాయి. ఆర్నెల్లుగా ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప లేవని మనిషి. తలుపు అవతల ఆయాసం వినబడింది, పిడి గట్టిగా ఊగింది.

"వస్తున్నా. ఉండండే, వస్తున్నా. తాళంచెవి లేకపోతేనేం, లాగుతున్నా."

"అమ్మా, నువ్వు పడిపోతావు…"

"దూరం జరగండే తలుపుకు!"

ఎక్కడికి జరుగుతారు? ఉన్న చోటే ఊపిరి బిగబట్టారు. చెక్క చిట్లిన చప్పుడైంది. తలుపు ఊడినట్టుగా వచ్చేసింది. పెద్దావిడ రెండు చేతులతో పిడి పట్టుకునే ఉంది, జుట్టంతా చెదిరి. వాళ్ళిద్దరూ ఆవిడ ముందుకు వచ్చిపడ్డారు.

ఆవిడ వాళ్ళను చూసింది. వాళ్ళ వెనక ఖాళీని చూసింది.

"ఇద్దరేనా?"

కూతురు ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది.

"తొమ్మిది మంది కదా లోపల? మిగతావాళ్ళేరీ?"

జవాబు చెప్పింది ఆఫీసాయన. చెమటతో తడిసి, చొక్కా గుండీ ఊడి ఉన్నాడు. "అందరం వచ్చేశామమ్మా. లోపల ఎవరూ లేరు. చూసుకోండి కావాలంటే."

ఆవిడ గుమ్మంలోకి వంగి నాలుగు మూలలూ చూసింది. ఎవరూ లేరు. అప్పుడు నేల మీద చతికిలబడి, అరచేతులు చూసుకుంటూ మొదలుపెట్టింది.

"నేను మంచినీళ్ళకని బయటికొచ్చాను. పని మధ్యలో ఎవరూ బయటికి పోకూడదని మేస్త్రీ వెనకాలే తాళం పెట్టి, భోజనానికెళ్ళాడు. లోపల్నుంచి కొట్టారు. నా పేరు పెట్టి పిలిచారు. ఇనప తలుపు, కాలిపోతోంది. లాగాను. చాలాసేపు లాగాను. కాసేపటికి కొట్టడం ఆపేశారు."

కూతురు ఆ చేతులకు చిన్నప్పటి నుంచీ మందు రాస్తోంది. ఒక్కసారి కూడా ఇవి ఏ తలుపుకు కాలాయో అని అనుకోలేదు. అమ్మ లోపల లేదు. ఇన్నేళ్ళూ బయటే నిలబడి ఉంది. పక్కన కూర్చుని, ఆ రెండు చేతులూ తన చెంపలకు ఆనించుకుని, మూడేళ్ళ ఏడుపూ అక్కడే ఏడ్చింది, తలుపు బార్లా తెరిచి ఉండగానే.

సందులోంచి పక్కింటావిడ కేక వినబడింది. "అక్కా! నా కుండీలు!"

ఒకదాని తర్వాత ఒకటి పగులుతున్నాయి. మధ్యగది గోడ తన పాత చోటికి తీరుబడిగా పోతోంది. ఆఫీసాయన టేపు తీసి, రెండో కొస కూతురి చేతికిచ్చాడు. పదకొండు అడుగులు. ఎనిమిది మూడు కొట్టేసి అది రాశాడు. జబ్బు పేరు అన్న గడిని అలాగే ఖాళీగా వదిలి, ఫారం తిరగేసి, వెనకవైపు తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. రెండుసార్లు ఆగి, "ఇది రాయొచ్చా అమ్మా?" అని పెద్దావిడను అడిగాడు. పెట్టిన టీ చల్లారిపోయింది. ఆ రాసింది ఎవరు చదివారో, ఎంతమంది చదివారో గానీ, నెల తిరక్కుండా నిధి ఇంకో మూడేళ్ళకు పొడిగించారని నర్సమ్మ కబురు తెచ్చింది.

సోమవారం పొద్దున్నే సాయానికి అమ్మాయి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "లోపలికి రానా అమ్మా?" అని అడిగి, పెద్దావిడ తలూపాక వచ్చింది. కూతురు కళ్ళజోళ్ళ షాపుకని చీర మార్చుకుంది, సంచి సర్దుకుంది, చెప్పులేసుకుంది. వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. మందు వేళలు ఇంకోసారి చెప్పింది. నీళ్ళ చెంబు ఎక్కడుందో చెప్పింది. చెప్పింది మళ్ళీ చెప్పింది. మొగుడు బొటనవేలు రాసుకుంటూ, "బస్సు తప్పిపోతుందే, ఆ బస్సు నాదే," అన్నాడు. అయినా కాలు కదల్లేదు. మూడేళ్ళ అలవాటు ఆ గడప దగ్గర ఆమెను పట్టుకుంది.

వీపు మీద ఏదో నున్నగా తగిలింది. వెనక అమ్మ నిలబడి ఉంది, రెండు అరచేతులూ ఆమె వీపుకు ఆనించి.

"ఇంకా లోపలున్నది నువ్వొక్కదానివేనే," అంది పెద్దావిడ. "వెళ్ళు. తీసే ఉంది."

కూతురు గడప దాటింది. వీధి చివర మందుల షాపు వచ్చింది. ఆగకుండా అది కూడా దాటింది.