ఫ్రాంక్‌ఫర్ట్ లేదా

లైబ్రరీ ఆవిడ ఫోన్‌లో ‘ఫ్రాంక్‌ఫర్ట్ ఓడర్’ అంది. జయంతి చెవికి చివరి అక్షరం చిక్కలేదు. నోట్‌బుక్‌లో ‘ఫ్రాంక్‌ఫర్ట్ - ఓడ’ అని రాసుకుంది. నది ఒడ్డున వర్తకం మీద బతికిన జర్మన్ ఊరి చరిత్ర చెప్పమన్నారు, మరి ఓడ కాక ఇంకేముంటుంది? చదువుకున్నవాళ్ళ తప్పులు కూడా చదువుకున్నట్టే ఉంటాయి.

రాజమండ్రి కాలేజీలో పదేళ్ళు చరిత్ర చెప్పిన మనిషి. భర్త వెంట హెచ్‌ఫోర్ వీసా మీద అమెరికాలోని అరోరా వచ్చి ఏడేళ్ళయింది. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. లైబ్రరీలో డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పొచ్చు. అందుకే ఈ శనివారం పాఠం అనగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“ఇదిగో, నెట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ యామ్ మెయిన్ అనుంది చూడు. మనం ఫ్లైట్ ఛేంజ్ అయిందక్కడే. మెయిన్ అంటే మెయినే, డౌట్ పెట్టుకోకు,” అన్నాడు భర్త శ్యామ్‌సుందర్.

మెయిన్ అనేది నది పేరని తెలిశాక జయంతి అతన్ని రెండు రోజులు ఏడిపించింది. తన ఓడ సంగతి మాత్రం తట్టలేదు.

తీరా లైబ్రరీకి వెళితే తలుపు మీద కాగితం: ఫ్రాంక్‌ఫర్ట్, పక్కన బ్రాకెట్లో ఓడర్. ఫోన్‌లో వెతికితే జర్మన్‌లో ఆ మాటకు అర్థం ‘లేదా’ అని వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ లేదా? లేదా ఏమిటి? ఆమెకు తల తిరిగిపోయింది.

“ఓడర్ ఒక నది. ఇది పోలండ్ పక్కనున్న వేరే ఫ్రాంక్‌ఫర్ట్. హెల్గా గారు కావాలని అడిగారు, ఆవిడ పుట్టిన ఊరు,” అంది లైబ్రరీ ఆవిడ, ముందు వరసలోని ముసలామెను చూపిస్తూ.

రాజమండ్రిలో కోటిలింగాల రేవుకు రమ్మంటే పుష్కరాల రేవులో దిగినట్టయింది జయంతి పని. వచ్చింది పదిమంది. తెచ్చిన పాఠం గడగడా చెప్పేస్తే తొమ్మిదిమందికి తేడా తెలియదు. కానీ ఆ పదో మనిషి కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చుంది. జయంతికి సిగ్గేసింది.

“క్షమించండి. నేను వేరే ఊరు చదువుకొచ్చాను.”

“పరవాలేదు,” అని నవ్వింది హెల్గా. “అందరూ ఎయిర్‌పోర్ట్ ఊరనే అనుకుంటారు.”

జయంతి బోర్డు మీద నది గీసి మార్కర్ ఆమె చేతికిచ్చింది. “మీ ఊరు మీరే పెట్టండి.”

హెల్గా మెల్లగా చెప్పింది. తూర్పు నుంచి వచ్చే వర్తకులు అక్కడే నది దాటాలి. దాటినవాళ్ళు సరుకు దింపి ముందు ఆ ఊళ్ళో అమ్మకానికి పెట్టాలి, అది చట్టం. అలా పెరిగింది ఊరు. తర్వాత ఆమె అవతలి ఒడ్డున ఒక చుక్క పెట్టింది.

“మా వీధి. నా తొమ్మిదో ఏట యుద్ధం అయిపోయింది, నదే సరిహద్దయింది. ఆ ఒడ్డు పోలండ్‌కి పోయింది, పేరు కూడా మారింది. నేను ఏ ఊళ్ళో పుట్టానని ఫారంలో రాయాలో ఇప్పటికీ నాకు తెలియదు.”

దీనికి జవాబు జయంతి ఏ పుస్తకంలోనూ చదవలేదు. తోచింది అనేసింది.

“మీ నది పేరుకు మీ భాషలో ఇంకో అర్థముందట కదా. మా భాషలో దాన్ని ‘లేదా’ అంటాం. ఆ మాటే ప్రశ్నగా అడిగితే, ఆ ఊరు ఇక లేదా అని అర్థం.”

“దానికి జవాబేమిటి?” అంది హెల్గా.

జయంతి ఆ చుక్క కింద తెలుగులో రాసి, చదివి వినిపించింది. “ఉంది.”

“ఉండి,” అంది హెల్గా.

“ఉండి కాదు, ఉంది. మళ్ళీ అనండి,” అంది జయంతి టీచర్.