అక్కర్లేని వాళ్ళు

మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆ తలనొప్పి చాలదన్నట్టు శని, ఆదివారాల్లో ఎంబీఏ కూడా చదివింది. మేనేజర్లకి మేనేజరీ నేర్పే కాలేజీ ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. చివరి ప్రాజెక్టుకి తన కంపెనీనే తీసుకుంది. పని చకచకా సాగాలంటే అక్కడ ఎవరు అక్కర్లేదో తేల్చాలట.

"ఎవరని తేలిందే తల్లీ?" అన్నాను గుండె చిక్కబట్టుకుని.

"మధ్యలో ఉండే మేనేజర్లమ్మా. వాళ్ళు లేకపోయినా ఏ పనీ ఆగదు."

"మరి నువ్వెవరివే?"

"అబ్బా, అది థియరీ! నీకన్నిటికీ భయమే."

నిజమే, పదో తరగతి దాటని బుర్రకి థియరీలు ఎక్కడ ఎక్కుతాయి? మార్కులు వేయడానికి కాలేజీ వాళ్ళు ఆ కంపెనీ పెద్దాయననే పిలిచారు. ఆయన ముచ్చటపడి నూటికి నూరు వేశాడు. అంతటితో ఆగకుండా సోమవారం నుంచి అమలు కూడా చేశాడు.

ఇప్పుడు అమ్మాయి, ఆ మార్కులకి వచ్చిన బంగారు పతకం ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. నిన్న వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఇక్కడ పనెలా జరుగుతోందో కాస్త చూడనా?" అంది.

నేను గరిటె గట్టిగా పట్టుకున్నాను.