సీతారావమ్మ వెంట తిరిగిన ఎలుక

సీతారావమ్మ ముక్కు కాదన్న నెయ్యి తెనాలిలో ఎవరూ కొనరని వాళ్ల వీధిలో చెప్పుకునేవారు. కొంచెం ఎక్కువే చెప్పారనుకోండి, కానీ మరీ అబద్ధం కాదు. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు సున్నుండలు చుట్టి ఇస్తోంది ఆవిడ. ఆ ముప్పై ఏళ్లూ నెయ్యి రేపల్లె సుబ్బయ్య దగ్గరిదే. డబ్బా మూత తీసి, కళ్లు మూసుకుని, ఒక్కసారి గాలి పీల్చి "ఊఁ" అనేది. అంతటితో బేరం అయిపోయినట్టే.

ఈసారి "ఊఁ" అనలేదు. "ఏంటన్నయ్యా ఇది? చచ్చిన ఎలుక కంపు. ఏం కలిపావ్?" అంది, నలుగురి ముందే.

సుబ్బయ్య మొహం మాడిపోయింది. డబ్బా ఎత్తుకుని రైలెక్కాడు. మేత తేడా చేసిందేమోనని గేదెకు మేత మార్చి, పది రోజుల తర్వాత ఇంకో డబ్బా తెచ్చాడు. అదీ కంపేనని తిప్పి పంపింది.

అసలే టైము లేదు. కూతురు దీప్తి బాపట్లలో మిఠాయి కొట్టు పెడుతోంది, శుక్రవారం ప్రారంభం. తల్లి చుట్టే సున్నుండలను నమ్ముకునే పెడుతోంది. ఊళ్లో దొరికిన నెయ్యి తెప్పిస్తే అదీ కంపు. వంటింట్లో కంపు, పడగ్గదిలో కంపు. భర్త జనార్దనరావు బీరువాలు జరిపి, అటక మీది సామాన్లు దింపి, నడుం పడిపోయేలా ఎలుక కోసం వెతికాడు. "నాకేం వాసన రావట్లేదే" అన్నాడు పాపం. "మీకెప్పుడొచ్చింది గనక" అని కసిరింది. మూడు వారాలుగా ఆవిడకు జలుబు, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఎడమ చెంప ఒకటే బరువు. అది వేరే సంగతనుకుంది మహాతల్లి.

బుధవారం పొద్దున్నే కొట్టు చూడ్డానికి బాపట్ల వెళ్లింది. నిన్నగాక మొన్న రంగులేసిన కొట్టు, లోపల సామానే లేదు. గుమ్మంలోనే ఆగి, "ఇక్కడా ఎలుక చచ్చిందే దీప్తీ" అంది.

దీప్తి పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది.

"అమ్మా, బస్సులో కూడా వచ్చిందా ఈ వాసన?"

"దారి పొడుగునా."

"అయితే ఆ ఎలుక నీ వెంటే తిరుగుతోంది." తల్లి ఎడమ ముక్కును వేలితో అదిమింది. "ఇప్పుడు పీల్చు."

ఒట్టి రంగు వాసన. ఎడమది వదిలి కుడిది మూస్తే మళ్లీ కంపు.

మధ్యాహ్నానికల్లా ఇద్దరూ తెనాలిలో ముక్కు డాక్టరు రిబ్కా ముందు కూర్చున్నారు.

"ఒక్కవైపే చీముడు వస్తోందా అండి? వంగితే చెంప సలుపుతోందా?" అని డాక్టరు పైదవడ పన్ను మీద చిన్నగా తట్టింది. సీతారావమ్మ కుర్చీలోంచి ఎగిరిపడింది. స్కాన్ తీస్తే, చెంప ఎముక లోపల గాలి ఆడాల్సిన గది చీముతో నిండి ఉంది.

"మామూలు జలుబుతో వచ్చే సైనస్ చాలావరకు దానంతటదే తగ్గుతుందమ్మా. మీది పుచ్చిన పంటి నుంచి పాకింది. ఒక్కవైపే, అదీ కంపుతో వస్తే ముందు పన్నునే అనుమానించాలి."

"మందుల షాపులో అడిగి రెండ్రోజులు మాత్రలేసుకున్నానండి."

"అదే చెయ్యకూడదు. ఈ మాత్రలు రాసినన్నాళ్లూ వాడండి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి. రేపే పళ్ల డాక్టర్ని కలవండి, పన్ను సంగతి తేల్చకపోతే మళ్లీ వస్తుంది."

రోగం బయటపడితే ఎవరైనా దిగులుపడతారు. ఈవిడకు ప్రాణం లేచొచ్చింది. "అంటే నెయ్యి మంచిదేనే" అంటూ అక్కడికక్కడే రేపల్లెకు ఫోన్ కలిపింది. సుబ్బయ్య భార్య సుబ్బులమ్మ ఎత్తింది.

"నువ్వు రెండుసార్లు కాదన్నావుగా వదినా, గేదె పాలే చెడ్డాయని తేల్చేశాడు మీ అన్నయ్య. సాయంత్రం బండొస్తుంది, అమ్మేస్తున్నాడు. ఫోనిస్తే మాట్లాడనంటున్నాడు."

సీతారావమ్మ స్టేషనుకి పరుగెత్తింది. రేపల్లె పాసింజరు దొరికింది గానీ, అది స్టేషను స్టేషనుకీ ఆగుతుంటే ఆవిడ రైలుని తిట్టని తిట్టు లేదు. దిగి ఆటో ఎక్కి, దొడ్డి ముందు దూకేసరికి గేదె ముందుకాళ్లు బండి పలక మీద ఉన్నాయి. పోయి పలుపు పట్టేసుకుంది.

"దింపన్నయ్యా. కంపు నెయ్యిలో లేదు, నా పన్నులో ఉంది. నలుగురిలో నిన్ను అనరాని మాటన్నాను. తప్పు నాది."

జరిగిందంతా రొప్పుతూ చెప్పింది. సుబ్బయ్య గేదె వీపు నిమిరాడు.

"నా ముక్కుకి బాగానే ఉందమ్మా చెల్లెమ్మా, రెండు డబ్బాలూను. కానీ నువ్వు కాదన్నాక నా ముక్కెంత అనుకున్నాను."

సీతారావమ్మకు కళ్లు తుడుచుకోవడానికి కొంగు కూడా దొరకలేదు, రెండు చేతుల్లోనూ పలుపే.

గేదెను కట్టేసి, బండిని పంపించేసి, సుబ్బయ్య ఆ డబ్బాలే తెచ్చి ముందు పెట్టాడు. మూత తీయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వాసన చూడవా? కుడివైపు బాగానే ఉందిగా."

"నువ్వు చూశావుగా అన్నయ్యా" అంది సీతారావమ్మ. "ఆటోలో పెట్టించు. ఎల్లుండి పొద్దున నువ్వూ బాపట్ల రావాలి."