సాంచాల పిల్ల

సిరిసిల్లలో దేవయ్య ఇంట్లో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పిలిచినా లాభం లేదు. ఇంటికి ఆనుకున్న రేకుల షెడ్డులో ఎనిమిది సాంచాలు ఉన్నాయి. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా అవి కొట్టుకుంటూనే ఉంటాయి. అవతల ఒక షెడ్డు, ఇవతల ఇంకొకటి. ఆ మోతలో దేవుడు దిగొచ్చి పిలిచినా వినబడదు. కాబట్టి భుజం తట్టాలి, లేదంటే కళ్ల ముందు తువ్వాల ఊపాలి. అన్నం తిన్నావా అనడానికి వేళ్లు నోటి దగ్గరికి తీసుకుపోవాలి. దారం తెగిందనడానికి రెండు వేళ్లు కత్తెరలా ఆడించాలి. మిగతా ముచ్చటంతా పెదవులు చూసి అందుకోవడమే. రాత్రి సాంచాలు ఆగినా ఆ అలవాటు పోయేది కాదు. కొత్తగా వచ్చినవాళ్లకు మూగవాళ్ల ఇల్లులా అనిపిస్తుంది గాని, ఆ ఇంట్లో మాటలకు కొదవ లేదు. మొగుడూ పెళ్లాల కొట్లాటలు కూడా చేతులతోనే కానిచ్చేవారు.

ఆ ఇంట్లో పుట్టింది స్వర్ణలత. మూడో నెల నుంచీ సాంచాల పక్కన చీర ఉయ్యాలలోనే నిద్రపోయింది. చుట్టాల పిల్లలు ఆ గడప తొక్కగానే గుక్కపట్టి ఏడిస్తే, ఈ పిల్ల మాత్రం కన్ను కూడా కదిపేది కాదు. తల్లి రుక్కమ్మ బీడీలు చుట్టుకుంటూ “నా బిడ్డ గట్టిది, దేనికీ బెదరదు” అని వాడంతా చెప్పుకుంది. విన్నవాళ్లంతా నిజమే అన్నారు. నిజమేమిటో చూడాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

వాడ బడిలో పాషా సార్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. కుర్చీలో కూర్చునే అలవాటు లేని మనిషి. పిల్లల మధ్యనే తిరుగుతూ, ఒక్కొక్కరి ముందు వంగి, మొహంలో మొహం పెట్టి పాఠం చెప్పేవాడు. ఆయన దగ్గర చదివిన ఐదేళ్లూ స్వర్ణలతే ఫస్టు. పదవీ విరమణ చేసి కోరుట్లకు వెళ్లిపోయే రోజున ఆయన దేవయ్య షెడ్డుకు వచ్చి, సాంచాలు ఆపించి మరీ చెప్పాడు.

“దేవయ్యా, నీ బిడ్డను నడిమిట్ల ఆపకు. గీ పిల్ల యాడికో పోతది, రాసి పెట్టుకో.”

దేవయ్య రాసి పెట్టుకోలేదు గాని గుండెల్లో పెట్టుకున్నాడు. తను ఏడో తరగతితో ఆగిపోయి సాంచాలకు అంకితమైనవాడు. కూతురు ఆ షెడ్డులో అడుగు పెట్టకూడదు, అంతే. ఆయన బతుకులో ఉన్న కోరిక అదొక్కటే. అందుకని, షెడ్డు యజమాని శ్యాంసుందర్ కొడుకు అక్షయ్ చదివే ఇంగ్లీషు మీడియం బడిలోనే ఆరో తరగతికి చేర్పించాడు. నీకెందుకయ్యా అంత పెద్ద బడి అన్నవాళ్లను ఖాతరు చేయలేదు.

అక్కడి రాజమౌళి సార్ బోర్డు వైపు తిరిగి రాస్తూ, రాస్తూనే చెప్పేవాడు. పిల్లలకు కనిపించేది ఆయన వీపు. స్వర్ణలత మెడ చాచి చాచి చూసేది. ఏదైనా అడగాల్సి వస్తే ఇంట్లో మాట్లాడినట్టే గొంతు చించుకుని అడిగేది. క్లాసంతా గొల్లున నవ్వేది. రెండో వారానికల్లా సార్ ఆ అరుపులు భరించలేక ఆమెను చివరి బెంచీకి పంపించాడు. అంతటితో ఆయన పెదవులు కూడా దూరమైపోయాయి.

ఏడో తరగతిలో అక్షయ్‌కు మార్కులు తగ్గాయి. ఆ సాయంత్రమే రాజమౌళి సార్ శ్యాంసుందర్‌కు ఫోన్ చేసి, “బాబు తెలివైనోడు సార్, ఏదో ఇబ్బంది ఉన్నట్టుంది. బోర్డు కనబడుతుందో లేదో ఒకసారి డాక్టరుకు చూపించండి” అన్నాడు. మూడో రోజుకల్లా అక్షయ్ ముక్కు మీదికి కళ్లద్దాలు వచ్చాయి. మార్కులు మళ్లీ ఎక్కాయి. మంచిదే. ఏ పిల్లవాడికైనా అలాగే జరగాలి.

స్వర్ణలతకు కూడా ఆ నెలలోనే తగ్గాయి. రాజమౌళి సార్ దేవయ్యను పిలిపించి, నిలబెట్టి మాట్లాడాడు.

“నీ బిడ్డకు మెదడుకు ఎక్కదయ్యా. అడిగితే బొమ్మ లెక్క సూస్తది. మీ సాంచాల పిల్లలు గింతే. అరుసుడే గాని ఇనుడుండదు.”

“గట్ల కాదు సారూ, ఐదు దాంక ఫస్టు అచ్చింది...”

“గది మీ వాడ బడి. గిది వేరే.”

పెద్ద చదువులు చదివిన సారు చెప్పాక కూలివాడు ఏమని వాదిస్తాడు? దేవయ్య తల ఊపి వచ్చేశాడు. ఇంటికి వచ్చి ఆ కోపమంతా కూతురి మీద చూపించాడు. “సార్ అడిగితే ఎందుకు చెప్తలెవ్వే?” అంటూ రెండు దెబ్బలు వేశాడు. ఆ పిల్ల ఏడుస్తూ కూడా ఆయన నోటి వంకే చూసింది.

“నాకస్తలేదు బాపూ. అందరికస్తుంది, నాకే అస్తలేదు.”

అలా తొమ్మిదో తరగతి దాకా ఈడ్చారు. పరీక్షలు తప్పాక దేవయ్యే పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టాడు. పాషా సార్ చెప్పిందే తప్పు అని తేల్చుకున్నాడు. మరునాటి నుంచి స్వర్ణలత షెడ్డులో కండెలకు దారం చుట్టడానికి కూర్చుంది. పనిలో ఆమెకు సాటి లేదు. ఒకసారి చూపిస్తే చాలు, పట్టేసేది. అది చూసైనా ఆయనకు అనుమానం రావలసింది. రాలేదు.

రెండేళ్లు గడిచాయి. మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచి స్తంభాలు కూలాయి. కరెంటు పోయింది. వాడలోని సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. స్వర్ణలత వాకిట్లో అటు తిరిగి కూర్చుని చిక్కుపడిన దారం విడదీస్తోంది. దేవయ్య నాలుగు గజాల వెనక నుంచి పిలిచాడు.

“బిడ్డా, లోపటికి రా, వానస్తుంది.”

పలకలేదు. మళ్లీ పిలిచాడు. మూడోసారి గట్టిగా అరిచాడు. పక్కింటి లింగన్న గోడ మీదుగా “ఏంది దేవయ్యా, గట్ల ఒర్రుతున్నవ్?” అని పలికాడు. కూతురు మాత్రం తల తిప్పలేదు.  దేవయ్యే దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు. స్వర్ణలత తిరిగి చూసి నవ్వింది.

“ఏంది బాపూ?”

పదిహేడేళ్లలో వెనక నుంచి, అంత నిశ్శబ్దంలో, ఆయన కూతురిని పిలవడం అదే మొదటిసారి.

ఎవరో చెబితే జగిత్యాలలో డాక్టర్ జేబా దగ్గరికి తీసుకువెళ్లాడు. ఆమె నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఏదో అడిగింది. స్వర్ణలత కాగితం వెనక్కి తొంగిచూసే ప్రయత్నం చేసింది. తర్వాత చెవికి చిన్న మిషను తగిలించి, మళ్లీ కాగితం అడ్డం పెట్టి, పదమూడో ఎక్కం చెప్పమంది. స్వర్ణలత ఎక్కడా తడబడకుండా చివరిదాకా చెప్పింది. వాడ బడిలో నేర్చుకున్నది.

“శభాష్. ఏం చదువుతున్నవమ్మా?”

“కండెలు చుడ్త మేడం.”

డాక్టరమ్మ దేవయ్య వైపు తిరిగింది. “పుట్టినప్పటి నుంచే వినికిడి బాగా తక్కువ. ఆరో తరగతిలో ఈ మిషను పెట్టి ముందు బెంచీలో కూర్చోబెట్టినా సరిపోయేది. బడిలో ఎవరూ చెప్పలేదా?”

“చెప్పిన్రమ్మా,” అన్నాడు దేవయ్య. “మొద్దు అని చెప్పిన్రు.”

ఆమె వారం రోజులు పెట్టుకుని చూడమని మిషను ఇచ్చి పంపింది.

తిరుగు బస్సులో స్వర్ణలత కిటికీ పక్కన కూర్చుంది. హారను మోగితే ఉలిక్కిపడుతోంది. వెనక సీట్లో ఎవరో గుసగుసలాడితే తిరిగి చూస్తోంది. వేములవాడ దాటాక నెమ్మదిగా అంది.

“అందరికీ నా లెక్కనే ఇనబడ్తది అనుకున్న బాపూ. గా కొంచెంతోనే వాళ్లు అర్థం జేసుకుంటున్నరు, నాకే శాతనైతలేదు అనుకున్న.”

దేవయ్య భుజం మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“బాపూ, నువ్వు గూడ నన్ను మొద్దే అనుకున్నవా?”

లేదు అని చెప్పొచ్చు. ఏ తండ్రైనా చెబుతాడు. కాని కూతురు తన మొహంలోకే చూస్తోంది. అబద్ధం ఆడడానికి నోరు రాలేదు.

“అనుకున్న బిడ్డా.”

స్వర్ణలత ఆయన చేతి మీద చెయ్యి వేసింది. తప్పు చేసిన పసివాణ్ని ఊరడిస్తున్నట్టు మెల్లగా అంది.

“పోనీ తియ్యి బాపూ. నేను గూడ గట్లనే అనుకున్న.”

దేవయ్య ఆపుకోలేకపోయాడు. నిండు బస్సులో, పది మంది చూస్తుండగా, తువ్వాల నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తండ్రి ఏడుపు ఎలా ఉంటుందో స్వర్ణలత విన్నది ఆ రోజే.